శుభ్రంగా కడిగిన పన్ను

ఆసుపత్రిలో నా పని కడగడం. ఆపరేషన్ గదుల్లో వాడిన కత్తెర్లు, పటకార్లు, పళ్ళ విభాగంలో నోళ్ళన్నీ తిరిగొచ్చిన బుల్లి అద్దాలు, కొక్కేలు, అన్నీ రక్తంతో నేల అంతస్తులోని నా గదికి దిగుతాయి, తళతళలాడుతూ పైకి వెళ్తాయి. ముందు చల్లనీళ్ళు, తర్వాత సబ్బునీళ్ళు, ఆ తర్వాత బ్రష్షు, భూతద్దం కింద ప్రతి కీలూ విప్పి చూడడం, చివరికి ఆవిరి యంత్రం. పద్దెనిమిదేళ్ళుగా ఇదే పని. ఆసుపత్రి మొత్తం నన్ను ఆవిరక్క అంటుంది. ఆ పిలుపులో కాస్త భయం కూడా ఉంటుంది, అది నాకు ఇష్టమే.

భయం ఎందుకంటే నాకు నోరెక్కువ. కీలు సందులో ఆవగింజంత మచ్చ కనిపించినా ట్రే మొత్తం మళ్ళీ మొదటి నుంచి కడిగిస్తాను. ఓసారి పెద్ద సర్జన్ గారు త్వరగా పంపమని మనిషి మీద మనిషిని తోలారు. "ఆయన కడుపులోకైతే ఇప్పుడే ఇచ్చేదాన్ని, రోగి కడుపులోకి కదా, పావుగంట ఆగమను" అని కబురు పెట్టాను. ఆయన ఆగారు. ఆ కథ ఇప్పటికీ క్యాంటీన్‌లో చెప్పుకుంటారు. నేను విననట్టు నటిస్తూ వింటాను.

ఇంట్లోనూ ఇదే వరస. మరిగించడానికని ఒక గిన్నె విడిగా ఉంది. దువ్వెనలు, గోళ్ళు తీసే కత్తెర, పళ్ళు తోముకునే బ్రష్షులు, ఏది దొరికితే అది అందులోకి వెళ్తుంది. మా ఆయన సిటీ బస్సు డ్రైవరు, నెమ్మదస్తులు. "మీ అమ్మ మనిద్దర్నీ ఇంకా అందులో వెయ్యలేదు, అదే పదివేలు" అంటారు కూతురితో.

ఆ కూతుర్ని ఇంట్లో, బడిలో, మైదానంలో అందరూ పిచ్చుక అనే పిలుస్తారు. పదమూడేళ్ళు. కాలు ఒక చోట నిలవదు. రెండేళ్ళుగా హాకీ పిచ్చి పట్టుకుంది. వెనక వరసలో మధ్యన నిలబడి, ఎదుటి జట్టు బంతి ఎటు తెస్తోందో చూసి తనవాళ్ళని అరిచి హెచ్చరించడం దాని వంతు. అరవడం నా పోలికే, పరుగు ఎవరి పోలికో తెలియదు. నాకా ఆటలో ఓనమాలు రావు. నాకు కనిపించేదల్లా రాయిలాంటి బంతి, గట్టి కర్రలు, వాటి మధ్య దాని మొహం. ఆ మొహంలో ముందు రెండు పళ్ళు. అవి వచ్చిన కొత్తలో మొహానికి మించి ఉండేవి, కుందేలని ఏడిపించేవాళ్ళం. తర్వాత మొహమే వాటికి సరిపడా ఎదిగింది. ఇప్పుడది నవ్వితే ముందు ఆ రెండే కనిపిస్తాయి. ఆ పళ్ళంటే నాకు ప్రాణం. ఊడితే మళ్ళీ మొలవవన్న మాట మ్యాచ్ ఉన్న రోజల్లా నా గుండెల్లో కొట్టుకుంటూనే ఉండేది.

అందుకే పళ్ళకి వేసుకునే తొడుగు, మౌత్‌గార్డ్, లేకుండా గడప దాటడానికి వీల్లేదని ఒంటికాలి మీద లేచింది నేనే. మొదట ఆటసామాన్ల దుకాణంలో దొరికే రెడీమేడ్‌ది కొన్నాం. చిన్నది, మధ్యరకం, పెద్దది, అంతే, చెప్పుల సైజుల్లాగా. ఒక పక్క చిగుళ్ళని ఒరుసుకునేది, ఇంకో పక్క వదులు. పళ్ళు బిగపట్టి ఉంటే తప్ప నిలిచేది కాదు. "అమ్మా, ఇది పెట్టుకుంటే ఊపిరాడట్లేదు" అని రెండో రోజే విసిరేసింది.

రెండోది మరిగే నీళ్ళలో వేసి, మెత్తబడ్డాక నోట్లో పెట్టుకుని కరిస్తే అచ్చు పడే రకం. ఆ తతంగం వంటింట్లో నేనే దగ్గరుండి చేయించాను. మరిగే నీళ్ళలో వేయమని డబ్బా మీద రాసి ఉండడం చూసి నాకా వస్తువు మీద గౌరవం పెరిగింది. మా జాతిదే అనిపించింది. కానీ పిచ్చుక కంగారులో మరీ గట్టిగా కరిచేసింది. ముందు పళ్ళ దగ్గర కాగితమంత పలచన అయ్యి, నాలుగు నెలలు తిరక్కుండా అక్కడే చిరిగింది.

ఇక లాభం లేదని మా ఆసుపత్రి పళ్ళ డాక్టరమ్మ దగ్గరికే తీసుకెళ్ళాను. నాకంటే పదేళ్ళు చిన్నది, నన్ను అక్కా అంటుంది. పిచ్చుక నోట్లో చల్లటి ముద్ద పెట్టి పళ్ళ అచ్చు తీసింది. దాంట్లో సున్నం లాంటి పిండి పోసి పళ్ళ బొమ్మ చేసింది. ఆ బొమ్మ మీద మెత్తబరచిన పారదర్శకమైన రేకుని అదిమి, వారం రోజులకి తొడుగు చేసిచ్చింది. దాన్ని నోట్లో ఉంచుకుని ఒక పేరా చదవమంది. మాట కాస్త ముద్దగా వచ్చింది కానీ అంతా అర్థమైంది. నోరు బార్లా తెరిచినా తొడుగు జారలేదు.

"ఇలా ఉండాలి. పట్టుకోకుండానే నిలవాలి, ఊపిరాడాలి, మాట రావాలి" అంది డాక్టరమ్మ. తర్వాత నా వైపు తిరిగి, "దీన్ని ఎలా కడగాలంటే అక్కా..." అని మొదలుపెట్టింది.

"ఎవరికి చెప్తున్నారు డాక్టర్ గారూ? కడగడం నాకు నేర్పుతారా?" అన్నాను.

పక్కనున్న నర్సు కిసుక్కుమంది. డాక్టరమ్మ కూడా నవ్వేసి నాలిక కరుచుకుంది. "అవును కదా, ఆవిరక్కకి నేను చెప్పడమేంటి" అంటూ చేతిలో ఉన్న కాగితాన్ని పిచ్చుకకి ఇచ్చేసింది. నేను గర్వంగా లేచాను. ఆ గర్వం ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు కంపరంగా ఉంటుంది.

దారిలో పిచ్చుక ఆ కాగితం చదివింది. "అమ్మా, చల్లనీళ్ళతోనే కడగాలంట. ఎండలో కూడా పెట్టకూడదంట."

"చల్లనీళ్ళకి ఏ క్రిమి చచ్చిందే?" అన్నాను.

అది నా మాట వినలేదు. తన బ్రష్షు తనే, తన చల్లనీళ్ళు తనే. సీజన్ సగం వరకూ అలాగే నడిచింది. తొడుగు అద్దినట్టు ఉందని, మధ్యలో నిలబడి హాయిగా అరవగలుగుతున్నానని పొంగిపోయేది. నాకూ గుండెల మీద బరువు దిగింది. గ్యాలరీలో కూర్చుని పక్కవాళ్ళతో కబుర్లు చెప్పేంత ధైర్యం వచ్చింది.

సెమీఫైనల్‌కి ముందు రోజు మధ్యాహ్నం డ్యూటీ దిగి ఇంటికొచ్చి దాని ఆట సంచీ ఉతకడానికి తీశాను. అడుగున తొడుగు డబ్బా కనిపించింది. మూత తీస్తే గుప్పున వాసన. ప్రాక్టీసు నుంచి వచ్చి, కడిగిందో లేదో, తడి ఆరకుండానే మూత బిగించేసింది. పద్దెనిమిదేళ్ళ సర్వీసులో నేను అసహ్యించుకునే వాసన అదొక్కటే. అది నా ఇంట్లో, నా కూతురి నోట్లోకి వెళ్ళే వస్తువులోంచి వస్తోంది. పిచ్చుక బడిలో ఉంది. అడగడానికి ఎవరూ లేరు. ఉన్నా అడిగేదాన్ని కాదు.

గిన్నె పొయ్యి మీద పెట్టాను. నీళ్ళు కుతకుతా మరుగుతుంటే తొడుగు వేసి అయిదు నిమిషాలు ఉంచాను. డబ్బా మీద మరిగించమని రాసి ఉన్న ఆ పాతదాని సంగతి నా బుర్రలో ఉంది, ఇదీ దాని చెల్లెలే కదా అనుకున్నాను. పటకారుతో తీసి, శుభ్రమైన గుడ్డ మీద ఆరబెట్టి, డబ్బాని కూడా మరిగించి, పొడిగా తుడిచి అందులో పెట్టాను. కంటికి ఏ తేడా కనిపించలేదు. కొంచెం మసకబారినట్టు ఉంది, అంతే. వాసన లేదు. ఆ రోజు సాయంత్రం నేను పాటలు పాడుకుంటూ పని చేసుకున్నాను.

మర్నాడు పొద్దున్న మైదానం పక్కన బెంచీ మీద కూర్చుని పిచ్చుక తొడుగు పెట్టుకుంది. మొహం అదోలా పెట్టింది. తీసి చూసుకుంది, మళ్ళీ పెట్టుకుంది.

"అమ్మా, ఇది వదులుగా ఉందేంటి? నోరు తెరిస్తే కిందకి వచ్చేస్తోంది."

"నిన్న శుభ్రం చేశాను కదా, ఆరిపోయి ఉంటుంది. కాసేపు నోట్లో ఉంటే అదే సర్దుకుంటుంది."

"ఎలా శుభ్రం చేశావ్?"

"బాగా" అన్నాను.

అది నా వైపు ఓ క్షణం చూసింది. అప్పటికే ఈల వేశారు. అంపైరు వరసగా అందరినీ నోళ్ళు తెరవమని, తొడుగులు ఉన్నాయో లేదో చూసుకుంటూ పోయింది. పిచ్చుక పళ్ళు బిగించి పెదాలు మాత్రం పైకెత్తి చూపించింది. ఉంది కాబట్టి సరే అంది అంపైరు. సరిగ్గా ఉందా అని అడగడం ఆవిడ పని కాదు, నా పని.

ఆట మొదలైన పావుగంట వరకూ మా పిల్ల గొంతు వినిపించలేదు. కోచ్ మేడం మైదానం గీతకి అవతల నుంచి "పిచ్చుకా, మాట్లాడు! ఎవరు ఎటో చెప్పు!" అని అరుస్తోంది. ఎలా చెబుతుంది? పళ్ళు విప్పితే తొడుగు జారుతుంది. ఎదుటి జట్టు ఒక గోల్ కొట్టింది. అప్పుడు పిచ్చుక నోట్లోంచి తొడుగు తీసి మేజోడులోకి దోపడం నేను కళ్ళారా చూశాను. లేచి నిలబడ్డాను. కేకెయ్యాలి, ఆట ఆపమనాలి. సర్జన్‌ని ఆపించిన గొంతు నాది. ఆ గోలలో నా కేక నాకే వినిపించలేదు. పిచ్చుక మాత్రం మళ్ళీ అరవడం మొదలుపెట్టింది, ఎడమన ఒకరు, వెనకాల ఒకరు అని. కోచ్ చప్పట్లు కొట్టింది.

రెండో సగంలో ఎవరి కర్రకో తగిలి బంతి పైకి లేచింది. అది ఎటు పోయిందో నాకు తెలియలేదు. పిచ్చుక మోకాళ్ళ మీద కూలబడి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది, వేళ్ళ సందుల్లోంచి రక్తం. నా పై ప్రాణాలు పైనే పోయాయి. మైదానం గీత దాటి ఎలా పరిగెత్తానో తెలియదు. చేతులు తీసి చూస్తే పై వరసలో, ముందు, కుడివైపు, ఖాళీ.

పన్ను రెండు గజాల అవతల మైదానంలో పరిచిన తడి ప్లాస్టిక్ పచ్చిక మీద పడి ఉంది. నేనే చూశాను, నేనే తీశాను. చిన్న పన్ను అనుకుంటాం కానీ వేరుతో కలిపి చూస్తే ఎంత పొడుగో. వేరు చుట్టూ రక్తం, నల్లటి రబ్బరు నలుసులు, గులాబీ రంగు జిగురు లాంటిదేదో అంటుకుని ఉంది. పగల్లేదు. చెక్కు చెదరలేదు. నాకు ఆశ పుట్టింది.

కోచ్ మేడం పరిగెత్తుకొచ్చింది. "వేరు ముట్టుకోకండి మేడం, పైభాగం పట్టుకోండి. నీళ్ళు ఒక్కసారి పోసి పాలలో వేద్దాం. క్యాంటీన్‌లో పాలున్నాయి, తెమ్మన్నాను" అంది.

"పాలా?" అన్నాను. "తెరిచి పెట్టిన పాలల్లో ఎన్ని క్రిములుంటాయో మీకు తెలుసా? దాని నోట్లోకి తిరిగి వెళ్ళాల్సిన పన్ను ఇది."

"ట్రైనింగ్‌లో మాకు అలాగే చెప్పారండీ..."

"నేను ఆసుపత్రిలో పరికరాలు శుభ్రం చేసే విభాగానికి ఇన్‌ఛార్జ్‌ని."

కోచ్ వెనక్కి తగ్గింది. "అయితే మీకే బాగా తెలుసు" అంది. పాలగ్లాసు తెచ్చినామె గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

నా చేతిసంచీలో స్పిరిట్ సీసా, దూది, మరిగించి చుట్టిన గాజుగుడ్డ ఎప్పుడూ ఉంటాయి. బెంచీ మీద కూర్చుని పని మొదలుపెట్టాను. పిచ్చుక నోట్లో గుడ్డ కుక్కుకుని నా భుజానికి ఆనుకుని కూర్చుంది. ముందు రక్తం తుడిచాను. రబ్బరు నలుసులు ఒక్కొక్కటే తీశాను. ఆ గులాబీ జిగురు అంత తేలిగ్గా రాలేదు, స్పిరిట్‌లో తడిపిన దూదితో గట్టిగా రుద్దాను, వేరు కొన దగ్గర గోటితో గీకాను. పద్దెనిమిదేళ్ళలో అంత శ్రద్ధగా నేను ఏ పనిముట్టునూ కడగలేదు. చివరికి పన్ను తెల్లగా, ముత్యంలా తేలింది. పొడి గాజుగుడ్డలో చుట్టి గుప్పిట్లో పెట్టుకున్నాను.

కోచ్ కారులో ఇరవై నిమిషాల్లో ఆసుపత్రికి చేరాం. డాక్టరమ్మ కుర్చీలో ఉన్న రోగిని పక్కన కూర్చోబెట్టి పిచ్చుకని కుర్చీ ఎక్కించింది.

"ఎప్పుడు ఊడింది?"

"అరగంట కూడా కాలేదు" అంది కోచ్.

"భలే త్వరగా వచ్చారు! ఇంత త్వరగా ఎవరూ తీసుకురారు. పన్నేది?" డాక్టరమ్మ మొహం వెలిగింది. ఆ వెలుగు నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టు ఉంది.

గుడ్డ విప్పింది. దీపం కిందకి పట్టి చూసింది. ముక్కు దగ్గరికి తెచ్చుకుంది. మొహంలో ఏదో ఆరిపోయింది.

"దీన్ని ఎవరు కడిగారు?"

ఆ గదిలో నా చేతి మీదుగా రాని వస్తువు లేదు. ట్రేలో అద్దాలు, సూదులు, పటకార్లు, అన్నీ నేను పంపినవే. నర్సు నన్ను చూస్తోంది. నోరు తెరిచాను. ఊరంతటినీ కడిగేసే నా నోరు పెగల్లేదు. కోచ్ ఏదో అనబోయింది. ఈలోగా కుర్చీలోంచి పిచ్చుక చెయ్యెత్తింది. తన గుండె మీద వేలు పెట్టి చూపించుకుంది. గుడ్డ పక్కనుంచి, "నేనే" అంది.

డాక్టరమ్మ దాని తల మీద చెయ్యి వేసింది. "చూడు తల్లీ, వేరు చుట్టూ సన్నటి పొర ఉంటుంది. చూడ్డానికి మురికిలాగే ఉంటుంది. కానీ పంటిని ఎముకకి పట్టి ఉంచేది అదే. అది బతికుంటేనే పన్ను బతుకుతుంది. ఆరిపోయినా, రుద్దినా చచ్చిపోతుంది. అందుకే రుద్దకూడదు. పాలలో వేసి తెచ్చుకోవాలి."

పిచ్చుక బుద్ధిగా తలూపింది. నేను గోడకి ఆనుకుని నిలబడి, నా కూతురు నాకు పడాల్సిన చీవాట్లు తింటుంటే చూస్తున్నాను. మురికి కాదు అది. గోటితో గీకి మరీ తీశాను.

"తొడుగు పెట్టుకోలేదా?"

పిచ్చుక మేజోడులోంచి తీసిచ్చింది. డాక్టరమ్మ బీరువాలోంచి దాని పళ్ళ బొమ్మ తెచ్చి, తొడుగుని దాని మీద పెట్టింది. ఒక పక్క నొక్కితే ఇంకో పక్క లేచింది. "వేడినీళ్ళలో వేశావా?"

మళ్ళీ అదే చెయ్యి లేచింది. నేను మళ్ళీ ఊరుకున్నాను.

పన్నుని తిరిగి దాని గూట్లోకి దింపి, సన్నటి తీగతో అటూ ఇటూ పళ్ళకి కట్టింది డాక్టరమ్మ. నన్ను కిటికీ దగ్గరికి పిలిచి గొంతు తగ్గించింది. "ఇప్పటికి నిలుస్తుందక్కా. కానీ మామూలుగా అతుక్కోదు. ఎముకే నేరుగా పంటికి అతుక్కుని, వేరుని మెల్లమెల్లగా తినేస్తుందేమోనని నా భయం. పిల్ల ఎదిగే కొద్దీ పక్క పళ్ళు దిగుతాయి, ఇది మాత్రం ఎక్కడిదక్కడే ఆగిపోతుంది. అలా కాకూడదని కోరుకుందాం. కొన్ని నెలలు చూస్తే కానీ చెప్పలేను."

ఇంటికొచ్చాక మా ఆయనకి అంతా చెప్పాను, మరిగించింది, గీకింది, ఊరుకున్నది, ఏదీ దాచకుండా. ఆయన "కావాలని చేశావా ఏంటి" అని లేచి పిచ్చుక పక్కన కూర్చున్నారు. తిట్టి ఉంటే బాగుండేది. తిట్టాల్సిన మనిషి ఊరుకుంటే ఆ తిట్లన్నీ మనమే తిట్టుకోవాలి, అవి ఒక పట్టాన ఆగవు.

తీగ విప్పాక డాక్టరమ్మ మళ్ళీ అచ్చు తీసి కొత్త తొడుగు చేసింది. ఈసారి నేనే అడిగాను. "ఎలా కడగాలో చెప్పండి డాక్టర్ గారూ." చిన్నపిల్లలా చేతులు కట్టుకుని విన్నాను. పెట్టుకునే ముందు, తీశాక చల్లనీళ్ళతో కడగాలి. మెత్తటి బ్రష్షు, కాస్త సబ్బు చాలు. పూర్తిగా ఆరాక, గాలి ఆడే కన్నాల డబ్బాలో పెట్టాలి. పొయ్యి దగ్గర, ఎండలో, ఎండలో నిలిపిన కారులో పెట్టకూడదు. చిరుగులు పడ్డా, వదులైనా, కొత్త పళ్ళు వచ్చినా తెచ్చి చూపించాలి. అంతా కలిపి రెండు నిమిషాలు పట్టింది. ఆ రెండు నిమిషాలు అప్పుడు వినడానికి నాకు తీరిక లేకపోయింది.

ఇంట్లో పిచ్చుక తొడుగు తనే కడుక్కుంటోంది. ఓ రోజు నీళ్ళు పోద్దామని దగ్గరికి వెళ్తే, "నువ్వు ముట్టుకోకమ్మా" అంది. కోపంగా కాదు, వేడి గిన్నె దగ్గరికి వచ్చే పసివాళ్ళతో అన్నట్టు మెత్తగా. దూరంగా నిలబడి చూశాను. వెనక వైపు సరిగ్గా తోమడం లేదు. చెప్పాలని నాలుక చివరి దాకా వచ్చింది. మింగేశాను.

నాలుగు నెలలకి పరీక్ష. మధ్యమధ్యలో వెళ్ళినప్పుడల్లా "బాగానే ఉంది, చూద్దాం" అనేది డాక్టరమ్మ. ఆ రోజు మధ్యాహ్నం భోజనాల వేళ నేను కింద నుంచి వచ్చాను, పిచ్చుక బడి నుంచి వచ్చింది. పన్ను చూడ్డానికి బాగానే ఉంది, తెల్లగా, వరసలో. నవ్వితే మళ్ళీ రెండూ కనిపిస్తున్నాయి. ఈ నాలుగు నెలల్లో నేను మొక్కుకున్నంతగా ఎన్నడూ మొక్కుకోలేదు.

డాక్టరమ్మ చేతిలోని అద్దాన్ని తిరగేసి, దాని పిడితో పక్క పంటి మీద మెల్లగా కొట్టింది. టప్ అంది, చెక్క మీద కొట్టినట్టు. ఇంకో పంటి మీద కొట్టింది. టప్. తర్వాత ఆ పంటి మీద.

ఖణ్ అంది.

నా ట్రేలో బాగా ఆరిన స్టీలు పనిముట్టు ఇంకోదానికి తగిలితే వచ్చే మోత. రోజుకి వెయ్యిసార్లు వినే మోత. డాక్టరమ్మ మళ్ళీ కొట్టి చూసింది. మళ్ళీ అదే. పిచ్చుక కళ్ళు పైకెత్తి నన్ను చూసింది. తల లోపల దానికి ఇంకా గట్టిగా వినిపించి ఉంటుంది.

"ఎముకకి అతుక్కుపోయిందక్కా" అంది డాక్టరమ్మ నెమ్మదిగా.

"ఆ రోజు కడిగింది నేను" అన్నాను. నాకు తెలియకుండానే వచ్చేసింది. "స్పిరిట్‌తో రుద్దింది నేను. తొడుగు మరిగించిందీ నేనే. పిల్లది అబద్ధం చెప్పింది."

నర్సు తల దించుకుంది. డాక్టరమ్మ కార్డు మీద ఏదో రాస్తూనే ఉంది. "తెలుసక్కా. ఆ రోజే స్పిరిట్ వాసన వచ్చింది. మైదానంలో చిన్నపిల్లకి స్పిరిట్ ఎక్కడిది?" కలం మూత పెట్టింది. "ఆ మొదటి రోజు నేనూ చెప్పడం మానేశాను కదా. మీకు చెప్పడమేంటని."

"ఇప్పుడేం చేద్దాం? ఏదైనా చెయ్యండి. సెలవు పెడతాను, ఎక్కడికి వెళ్ళమంటే అక్కడికి తీసుకెళ్తాను."

"చేసేదేం లేదక్కా. మూడు నెలలకోసారి కొలుచుకుంటూ ఉంటాం. మరీ పొట్టిగా కనిపించినప్పుడు తీసేసి, ఎదుగుదల ఆగే వరకూ ఏదో ఒకటి అతికిస్తాం. అప్పటిదాకా చూస్తూ ఉండడమే."

వరండాలోకి వచ్చాం. రోగుల బంధువులు బెంచీల మీద కూర్చుని టీలు తాగుతున్నారు. పిచ్చుక సంచీ భుజానికి తగిలించుకుని నా పక్కనే నడుస్తోంది. ఇప్పుడు నా భుజం దాటింది. ఇంకా ఎదుగుతుంది. అది ఎదుగుతున్నందుకు ఏ తల్లి అయినా మురిసిపోవాలి. నాకు ఏడుపొచ్చింది.

"ఎందుకు చెప్పావమ్మా?" అంది.

"నిజమే కదే."

"నువ్విక్కడ పని చేస్తావు కదా, అందరూ నిన్ను ఒక మాట అంటారనే కడిగింది నేనేనని చెప్పాను. నాన్నకి చెప్పావు కదా, చాలు."

"నాలుగు నెలలు నా తప్పు నీ నెత్తిన పెట్టుకుని తిరిగావు. ఇప్పుడైనా చెప్పకపోతే ఎలా?"

అది ఆగింది. వేలి గోటితో పక్క పంటి మీద కొట్టుకుంది. తర్వాత ఆ పంటి మీద కొట్టుకుని, తల ఓ పక్కకి వంచి విన్నది.

"చెప్పేశావుగా. ఇక ఇది మామూలుగా మోగుతుందా అమ్మా?"

ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అడిగింది. పద్దెనిమిదేళ్ళుగా ఆసుపత్రిలో ఉన్న అమ్మ కదా, ఏదో ఒక దారి తెలిసే ఉంటుందని నా మొహంలోకి చూస్తూ నిలబడింది.

"మోగదమ్మా" అన్నాను.